రేడియో అయోడిన్ మింగబోయే తల్లికి

ప్రశ్న: నా వయసు 29. మాది గోదావరి జిల్లాలో ఒక పల్లె. మూడు నెలల కిందట ఆపరేషన్ చేసి నా థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. పాపిల్లరీ కేన్సర్ అన్నారు. మెడలో నాలుగు లింఫ్ గ్రంథుల్లోకి కూడా పాకిందట. ఇంకో మూడు వారాల్లో హాస్పిటల్లో చేరమన్నారు, 100 మిల్లీక్యూరీల (రేడియోధార్మికతను కొలిచే లెక్కట) రేడియో అయోడిన్ ఇస్తారట. మా ఆయన ఫోన్‌లో వెతికితే చెర్నోబిల్ ప్రమాదంలో పిల్లలకు కేన్సర్ తెచ్చింది సరిగ్గా ఇదేనని వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ మందు మింగితే ఒళ్లంతా విషమవుతుందని, ఇక పిల్లలు పుట్టరని, బాబును జన్మలో ఎత్తుకోకూడదని మా అత్తగారు అంటున్నారు. బాబుకు 20 నెలలు. పగలు పాలు మాన్పించాను కానీ రాత్రిళ్లు పట్టందే నిద్రపోడు. డాక్టరుగారు అడిగితే సిగ్గేసి, మాన్పించేశానని చెప్పాను. మా మామగారు రిటైర్డ్ టీచరు. నిరుడు గుండె పరీక్షకని ఆయనకు ఏదో ఇంజెక్షన్ ఇచ్చి పెద్ద కెమెరా కింద పడుకోబెట్టారు. అంతకుమించి ఇలాంటివి మా ఇంట్లో ఎవరం ఎరగం. అసలు ఈ రేడియోధార్మికత వల్ల మనుషులకు మేలు జరిగిన చోటు ఎక్కడైనా ఉందా అని ఆయన అడుగుతున్నారు. ఉల్లిపాయలకు కూడా ఇది కొడుతున్నారట, నిజమేనా?
పేరు రాయవద్దన్న ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెర్నోబిల్, విషం, ఉల్లిపాయలు, అన్నిటి గురించీ అడిగారు. మధ్యలో ఒక్క మాట మాత్రం రాసి, దాని గురించి ఏమీ అడగకుండా దాటేశారు. రాత్రిళ్లు బాబుకు పాలిస్తున్నారు, డాక్టరుకు మాన్పించేశానని చెప్పారు. నేను ఇరవై ఆరేళ్లు, రేడియోధార్మిక మందులతో పరీక్షలూ వైద్యమూ చేసే న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో టెక్నాలజిస్టుగా పనిచేశాను. ఈ మందును నా చేతులతో వందలమందికి అందించాను. మీ ఉత్తరంలో నాకు గుండె ఝల్లుమన్నది ఆ ఒక్క మాట దగ్గరే.

రేపు పొద్దున్నే హాస్పిటల్‌కు ఫోన్ చేయండి. "రాత్రిపూట ఇంకా పాలు పడుతున్నాను, అప్పుడు చెప్పలేకపోయాను" అని చెప్పండి. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎవరూ మిమ్మల్ని కోప్పడరు. ఇరవై నెలల బిడ్డ రాత్రిపూట తల్లి దగ్గర పాలు తాగడంలో సిగ్గుపడాల్సింది ఏముందమ్మా?

ఎందుకింత గట్టిగా చెప్తున్నానో వినండి. ఒంట్లోకి వచ్చిన అయోడిన్‌ను పట్టి దాచుకునే గుణం థైరాయిడ్ కణాలకు ఉంది. ఈ వైద్యం మొత్తం ఆ గుణం మీదే నడుస్తుంది. కానీ పాలిచ్చే తల్లి రొమ్ముకు కూడా ఆ గుణం ఉంటుంది. బిడ్డకు అయోడిన్ అందాలి కదా, అందుకని ప్రకృతి చేసిన ఏర్పాటు అది. మందు మింగే నాటికి రొమ్ములో పాలు ఉంటే రెండు నష్టాలు. మెడలోని కణాల కోసం ఇచ్చిన మందులో కొంత రొమ్ముకు పోయి అక్కడ అనవసరంగా కిరణాలు తగులుతాయి. రెండోది, పాలలో కలిసి బాబు నోట్లోకి, అక్కడినుంచి వాడి చిట్టి థైరాయిడ్‌లోకి పోతుంది. అందుకే పాలు మాన్పించి కనీసం ఆరు వారాలు గడిచాకే ఈ మందు ఇస్తారు. కొందరు డాక్టర్లు మూడు నెలల దాకా ఆగుతారు. పాలు పూర్తిగా ఇంకిపోవాలన్నదే అందులోని ఉద్దేశం. మందు తీసుకున్నాక ఈ బాబుకు మళ్లీ పట్టకూడదు. ముందు ముందు ఇంకో బిడ్డ పుడితే ఆ బిడ్డకు మామూలుగా పట్టవచ్చు.

మీ తేదీ బహుశా వెనక్కి జరుగుతుంది. దానికి కంగారు పడకండి. పాపిల్లరీ రకం సాధారణంగా నెమ్మదిగా కదిలే జబ్బు. కొన్ని వారాలు ఆగడం డాక్టర్లకు కొత్త కాదు. ఎన్నాళ్లు ఆగవచ్చో మీ రిపోర్టులు చూసి వాళ్లే చెప్తారు. ఫోన్‌లో ఇంకో సంగతి కూడా అడగండి. ఈ మందుకు ముందు మూడు నాలుగు వారాలు, తీసేసిన గ్రంథికి బదులుగా రోజూ వేసుకునే థైరాక్సిన్ మాత్ర ఆపమంటారు. మీ చేత ఇప్పటికే ఆపించి ఉంటే, తేదీ మారినప్పుడు మళ్లీ వేసుకోవాలా అని తప్పకుండా అడగండి. మాత్ర లేకుండా అనవసరంగా రోజులు గడిపితే ఒళ్లు బరువెక్కి, మొహం ఉబ్బి, ఏ పనీ చేయబుద్ధి కాక, ఊరికే ఏడుపొస్తుంది. ఇంట్లో వాళ్లు అది జబ్బు ముదిరిందనుకుంటారు.

ఇక మీ ఆయన చదివిన విషయం. ఆయన చదివింది అబద్ధం కాదు. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం నుంచి గాలిలో కలిసిన వాటిలో అయోడిన్-131 ఉంది. మీకు ఇవ్వబోయేదీ అయోడిన్-131. అక్కడ అది గడ్డి మీద పడింది, ఆవులు ఆ గడ్డి మేశాయి, పిల్లలు ఆ పాలు తాగారు. పసివాళ్ల థైరాయిడ్ చిన్నది, ఎదిగే వయసు, పైగా ఆ ప్రాంతపు తిండిలో మామూలు అయోడిన్ తక్కువ. దొరికిన అయోడిన్‌ను దొరికినట్టే గ్రంథి పీల్చేసుకుంది. తర్వాతి ఏళ్లలో బెలారుస్, ఉక్రెయిన్, రష్యాలలో అప్పటి పిల్లల్లో వేలమందికి థైరాయిడ్ కేన్సర్ వచ్చింది. చూశారా, అక్కడా దారి పాలే. నేను ముందు ఆ ఫోన్ చేయమన్నది అందుకే.

అదే పదార్థం జబ్బు తెచ్చి, అదే ఎలా నయం చేస్తుందని మీ ఆయన అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆరోగ్యంగా ఉన్న కణానికి కొద్దిపాటి కిరణాలు తగిలితే అది చావదు, లోపల దెబ్బతిని బతుకుతుంది. ఆ దెబ్బ ఏళ్ల తర్వాత కేన్సర్‌గా బయటపడవచ్చు. మీ విషయంలో ఆరోగ్యమైన థైరాయిడ్ అంటూ లేదు, తీసేశారు. కంటికి కనబడకుండా మిగిలిన కణాలను పూర్తిగా చంపాలి. అందుకని వాటికి చాలినంత మోతాదు ఒక్కసారే ఇస్తారు. చెర్నోబిల్ పిల్లల్లో ఎందరికో ఆపరేషన్ తర్వాత ఇచ్చిన మందు కూడా ఇదే అయోడిన్-131. ఈ ముక్క ఆయన చదివినదానిలో ఉండి ఉండదు.

ఈ అయోడిన్ నుంచి రెండు రకాల కిరణాలు వస్తాయి. బీటా కణాలు ఒంట్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు పోయేసరికి ఆగిపోతాయి. ఒక బియ్యపు గింజ మందం అనుకోండి. చంపే పని చేసేవి ఇవే. అందుకే పక్కనున్న గొంతుకూ అన్నవాహికకూ పెద్దగా దెబ్బ తగలదు. రెండోది గామా కిరణం. ఇది ఒంట్లోంచి బయటికి వస్తుంది. మీ నుంచి బాబును దూరంగా ఉంచమనేది దీని వల్లే. నాలుగైదు రోజులకో వారానికో మిమ్మల్ని కెమెరా కింద పడుకోబెట్టి, మందు ఒంట్లో ఎక్కడెక్కడ చేరిందో చూసేదీ దీని సాయంతోనే. కేన్సర్ కణాలు ఊపిరితిత్తుల్లో ఎక్కడైనా దాక్కుంటే ఆ బొమ్మలో బయటపడతాయి.

మీ మామగారు అడిగిన దానికి ఇక్కడినుంచే జవాబు మొదలుపెడతాను. 1936లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక ఉపన్యాసం జరిగింది. భౌతికశాస్త్రం వైద్యానికి ఏం చేయగలదో, అక్కడి పేరున్న సాంకేతిక విశ్వవిద్యాలయం ఎం.ఐ.టి. అధ్యక్షుడు కార్ల్ కాంప్టన్ చెప్తున్నారు. వింటున్నవారిలో సాల్ హెర్ట్జ్ అనే థైరాయిడ్ డాక్టరు ఉన్నారు. ఉపన్యాసం అయ్యాక ఆయన, అయోడిన్‌ను రేడియోధార్మికంగా తయారుచేయడం కుదురుతుందా అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న నుంచి ఎం.ఐ.టి. వాళ్లతో కలిసి కుందేళ్ల మీద ప్రయోగాలు మొదలయ్యాయి. 1941లో హెర్ట్జ్ మొదటిసారి ఒక మనిషికి, థైరాయిడ్ మితిమీరి పనిచేస్తున్న రోగికి, రేడియో అయోడిన్ ఇచ్చారు. అయోడిన్-131ను 1938లో కనిపెట్టినవాళ్లు అమెరికాలోనే కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పనిచేసిన లివింగుడ్, గ్లెన్ సీబోర్గ్. ఈ సీబోర్గ్‌కే తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్ల అమ్మగారికి థైరాయిడ్ జబ్బు వస్తే, కొడుకు కనిపెట్టిన ఆ అయోడినే ఆవిడ ఆయుష్షు పెంచిందని ఆయనే చెప్పుకునేవారు. మీ మామగారు టీచరు కదా, ఈ కథ ఆయనకు నచ్చుతుంది.

ఆయనకు ఇంకో మాట కూడా చెప్పండి. నిరుడు ఆయనకు ఇచ్చిన ఆ ఇంజెక్షన్ కూడా రేడియోధార్మిక మందే! జనం థాలియం స్కాన్ అంటారు కానీ ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం. రక్తం బాగా పారే గుండె కండరంలో అది బాగా చేరుతుంది, రక్తం అందని చోట చేరదు. కెమెరాలో ఆ తేడా కనబడుతుంది. దాని అర్ధజీవితకాలం 6 గంటలు. అంటే ప్రతి 6 గంటలకూ సగం తగ్గుతుంది. ఆయన మర్నాడు లేచి కాఫీ తాగే వేళకు అందులో మిగిలింది చాలా కొంచెం. 6 గంటల్లో సగమైపోయే మందు దూరం నుంచి ఎలా వస్తుందంటే, అది రాదు. అర్ధజీవితకాలం 66 గంటలున్న మాలిబ్డినం వస్తుంది, సీసం కవచంలో పెట్టిన చిన్న జనరేటర్‌లో. అది నెమ్మదిగా టెక్నీషియంగా మారుతుంటుంది. పొద్దున్నే మేం అందులోంచి ఉప్పునీరు పోనిస్తే టెక్నీషియం కడుక్కుని దిగుతుంది. మా డిపార్ట్‌మెంట్‌లో దాన్ని మిల్కింగ్ అంటాం. పాలు పితికినట్టే, ఆ రోజుకు పితుక్కుంటే మర్నాటికి మళ్లీ చేపుతుంది. నా ఉద్యోగంలో ప్రతి రోజూ తెల్లారింది ఆ పనితోనే. ఎముకల స్కాన్, కిడ్నీల స్కాన్ చాలావరకు ఆ నీళ్లలాంటి మందుతోనే చేస్తారు.

ఇలా ఒంట్లోకి పంపి జాడ పట్టే ఆలోచన జార్జ్ హెవెసీ అనే హంగేరియన్ శాస్త్రవేత్తది. ఆయన 1911 ప్రాంతంలో మాంచెస్టర్‌లో ఒక ఇంట్లో అద్దెకుండి భోజనం చేసేవారు. మిగిలిపోయిన మాంసాన్నే ఇంటావిడ తిప్పి తిప్పి వండుతోందని ఆయనకు అనుమానం. అడిగితే కాదంది. ఒకరోజు తన పళ్లెంలో మిగిలిన దాని మీద కాస్త రేడియోధార్మిక పదార్థం చల్లి వచ్చారట. కొన్నాళ్లకు పెట్టిన వంటకం దగ్గర పరికరం పెట్టి చూస్తే జాడ తెలిసిపోయింది. ఆయన స్వయంగా చెప్పుకున్న కథ ఇది. జాడ పట్టే ఈ పద్ధతికే 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు ఇచ్చారు. ఈ రోజు పెట్ స్కాన్‌లో చేసేది అదే. కేన్సర్ కణాలు చక్కెరను ఆబగా తింటాయి కనుక, చక్కెరలాంటి పదార్థానికి ఫ్లోరిన్-18 తగిలించి పంపుతాం. దాని అర్ధజీవితకాలం 110 నిమిషాలే. అందుకే ఆ స్కాన్‌కు వచ్చినవాళ్లను కాస్త ఆలస్యమైనా అంత తొందరపెడతారు.

ఉల్లిపాయల సంగతి నిజమే, కొన్నిటి విషయంలో. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో దీనికోసమే ఒక కేంద్రం ఉంది. కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాల ముందు నుంచి ఉల్లిని పోనిస్తారు. మోతాదు చిన్నదే, మొలకెత్తే కణాలు ఆగిపోయేంత. ఆ కోబాల్ట్ ఉల్లిని తాకదు, దాని వెలుగు మాత్రం పడుతుంది. మనం మేడ మీద వడియాలు ఎండబెడతాం. సాయంత్రం డబ్బాలోకి ఎత్తినప్పుడు వడియాల్లో ఎండ ఉంటుందా? ఇదీ అంతే. ఇలా చేసిన సరుకు ప్యాకెట్ మీద ఆకుపచ్చ రంగు గుండ్రటి గుర్తు వేయాలి. 2007 నుంచి మన మామిడిపళ్లు అమెరికా పోతున్నది ఈ కిరణాల దారినే, కాయలో పురుగు ఉంటే చావడానికి. మీ వీధిలో బండి మీద వచ్చే ఉల్లిలో ఎక్కువ భాగం మాత్రం ఆ ముఖం కూడా చూసి ఉండదు.

మీ ఆపరేషన్లో వాడిన సూది, దారం, డాక్టరు తొడుగుల్లో కొన్ని కూడా ఇలా గామా కిరణాలతో శుభ్రమై వచ్చినవే కావచ్చు. ముంబైలోని ట్రాంబేలో ఈ పని 1974 నుంచి జరుగుతోంది. ప్యాకెట్ సీలు వేశాక, విప్పకుండానే లోపలి క్రిములన్నీ చస్తాయి. ప్లాస్టిక్ సిరంజిని నీళ్లలో మరిగించలేం కదా. అదే కోబాల్ట్‌తో బయటి నుంచి కేన్సర్ గడ్డలకు రేడియేషన్ ఇచ్చే భాభాట్రాన్ అనే యంత్రాన్ని మన భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లే తయారుచేశారు. పైపులైన్ల వెల్డింగులో పగులు ఉందో లేదో ఇరిడియం-192 పెట్టి ఫొటో తీస్తారు. హోటళ్లలో పైకప్పుకు అంటించే పొగ అలారాల్లో ఒక రకంలో అమెరీషియం చుక్కంత ఉంటుంది. పొగ లోపలికి రాగానే దాని కణాలు నడిపే సన్నటి కరెంటు తగ్గి అలారం మోగుతుంది. మీ మామగారి చిన్నప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో తలమీద మోసిన పెట్రోమాక్స్ లైట్లు గుర్తుంటాయి. ఆ మ్యాంటిల్ అంత తెల్లగా వెలగడానికి అందులో కలిపింది థోరియం, అదీ రేడియోధార్మికమే. అది వచ్చేది మోనజైట్ ఖనిజం నుంచి. మన ఆంధ్ర తీరపు ఇసుకలోనూ మోనజైట్ ఉంది.

ఇవన్నీ చెప్పి ఇది నిప్పు కాదు, చల్లటి నీరు అనడం నా ఉద్దేశం కాదు. 2010లో ఢిల్లీలోని మాయాపురిలో పాత ఇనుము కొట్లోకి, ఒక ప్రయోగశాలలో ఏళ్లుగా వాడక వదిలేసిన కోబాల్ట్-60 పరికరం తుక్కుగా వచ్చింది. ఏమిటో తెలియక దాన్ని విప్పారు, ముక్కలు చేశారు. ఒక మనిషి చనిపోయాడు, ఇంకా కొందరి చర్మం కాలిపోయి, రక్తం దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యారు. హాస్పిటల్లో ప్రాణం పోసే అదే కోబాల్ట్, సీసపు కవచం దాటి, ఏమిటో తెలియని చేతిలోకి వచ్చేసరికి ఇంత పని చేసింది. ఎంత మోతాదు, ఎంత దూరం, ఎంతసేపు, ఎవరి చేతిలో ఉంది, ఒంటి బయట ఉందా లోపలికి పోయిందా, మేలైనా కీడైనా వీటిని బట్టే. మీ అత్తగారి ఒంట్లో కూడా పొటాషియంలో కలిసి పుట్టుకతో వచ్చిన రేడియోధార్మికత ఉంది, సెకనుకు నాలుగు వేల పరమాణువుల లెక్కన విచ్ఛిన్నమవుతూ ఉంటుంది. అందరి ఒంట్లోనూ అంతే. ఆవిడతో వాదించడానికి చెప్పడం లేదు. ఆవిడ భయం మనవడి మీద ప్రేమ. దానికి సరైన దారి చూపిస్తే చాలు.

ఆవిడ అన్న రెండు మాటలకు సూటిగా చెప్తాను. పిల్లలు పుట్టరన్నది నిజం కాదు. ఈ మందు తీసుకున్నాక బిడ్డలను కన్నవాళ్లు మా దగ్గరికే పిల్లలను చంకనేసుకుని చెకప్‌కు వచ్చేవారు. కాకపోతే మందు తర్వాత 6 నెలల నుంచి ఏడాది దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. మీ డాక్టరు ఎన్నాళ్లంటే అన్నాళ్లు. ఒకటి రెండు నెలలు నెలసరి అటూఇటూ కావచ్చు. మందు ఇచ్చే ముందు గర్భం లేదని పరీక్ష చేస్తారు, పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్లందరికీ చేసేదే, నొచ్చుకోకండి. బాబును జన్మలో ఎత్తుకోకూడదన్నదీ నిజం కాదు. ఈ అయోడిన్ అర్ధజీవితకాలం 8 రోజులు. అంతకంటే ముఖ్యం, గ్రంథి తీసేసినవాళ్లలో చాలావరకు మందు మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది.

అయితే ఈ మందు వల్ల ఏమీ కాదని కూడా అనను. రెండు రోజులు కడుపులో తిప్పవచ్చు. దవడల కింద లాలాజల గ్రంథులు వాచి నొప్పి పుట్టవచ్చు, కొన్నాళ్లు నోరు పిడచకట్టుకుపోవచ్చు, రుచి తెలియకపోవచ్చు. కీమోలో ఊడినట్టు జుట్టు ఊడదు. పెద్ద మోతాదులు పదేపదే తీసుకున్నవారిలో ఏళ్ల తర్వాత ఇంకో కేన్సర్ వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుంది. అందుకనే థైరాయిడ్ కేన్సర్ అనగానే అందరికీ ఇప్పుడు దీన్ని ఇవ్వడం లేదు. గడ్డ చిన్నదై, ఎక్కడికీ పాకని వాళ్లకు ఇది ఇవ్వకపోయినా మూడేళ్లలో తేడా రాలేదని ఫ్రాన్స్‌లో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. మీకు లింఫ్ గ్రంథుల్లోకి పాకింది కనుక ఇవ్వాలనుకుని ఉంటారు. "నాకు ఎందుకు కావాలి, 100 ఎందుకు, తక్కువ చాలదా" అని మీరు అడగవచ్చు. అడిగే హక్కు మీకుంది.

మందుకు ముందు ఒకటి రెండు వారాలు అయోడిన్ తక్కువున్న తిండి తినమంటారు. ఒంట్లో అయోడిన్ కరువు పెడితేనే ఆ కణాలు ఆకలితో ఉండి, ఇచ్చింది ఇచ్చినట్టు మింగుతాయి. ఇది ఉప్పు లేని పత్యం కాదు, అయోడిన్ లేని ఉప్పు వాడాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కల్లుప్పు అనగానే అయోడిన్ ఉండదనుకుంటారు. ఇప్పుడు కల్లుప్పు ప్యాకెట్లలోనూ కలుపుతున్నారు. ప్యాకెట్ మీద చదివి, హాస్పిటల్ వాళ్లు ఏది చెప్తే అది కొనండి. పోయిన వేసవిలో పెట్టిన ఆవకాయలో ఏ ఉప్పు పడిందో గుర్తులేకపోతే ఆ జాడీ ఆ రెండు వారాలు మూసే ఉంచండి. సముద్రపు చేప, రొయ్య, పీత, ఎండుచేప వద్దు. గుడ్డులో పచ్చసొన వద్దు. బేకరీ తిండి, చిప్స్, ఎర్ర రంగు వేసిన మిఠాయిలు వద్దు. పాలు పెరుగు కూడా తగ్గించమంటారు. మజ్జిగన్నం తినకుండా లేస్తే మనకు భోజనం చేసినట్టే ఉండదు, ఆ బాధ నాకు తెలుసు. అన్నం, కందిపప్పు, చింతపండు చారు, కూరగాయలు, పళ్లు మీ ఇష్టం. అయోడిన్ ఉన్న పుక్కిలి మందు గానీ దగ్గు మందు గానీ వాడవద్దు. ఈ మధ్య రంగుమందు ఎక్కించి సీటీ స్కాన్ తీసి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి.

ఆ రోజు ఎలా ఉంటుందో చెప్తాను, తెలిస్తే సగం భయం పోతుంది. మన దేశంలో మోతాదు 30 మిల్లీక్యూరీలు దాటితే విడి గదిలో ఉంచాలని నియమం. గదికి దాని బాత్రూం దానికే. అక్కడి నీళ్లు మామూలు డ్రైనేజీలోకి పోవు, విడి ట్యాంకులో నిలవ ఉండి, రేడియోధార్మికత తగ్గాకే వదులుతారు. టీవీ రిమోట్‌కు, తలుపు పిడికి ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంటుంది. టెక్నాలజిస్టు చిన్న ట్రాలీ మీద సీసపు డబ్బా తెస్తాడు. చూడటానికి అరచేతిలో పట్టేంత ఉంటుంది, ఎత్తబోతే చెయ్యి కిందికి లాగేస్తుంది. లోపల మాత్ర గానీ, చిన్న సీసాలో నీళ్లలాంటి మందు గానీ ఉంటుంది. ఒకసారి ఒక పెద్దావిడ ఆ సీసాలోకి తొంగి చూసి, "ఇందులో ఏమీ లేదేమయ్యా, రంగూ వాసనా లేకుండా ఇదేం మందు" అంది. స్ట్రాతో తాగి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, మంచమెక్కి కూర్చుంది. మేం తలుపు వేసేటప్పుడు మాత్రం ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. చాలామందికి ఆ తలుపు దగ్గరే ఏడుపొస్తుంది. మీకూ వస్తే రానివ్వండి. కెమెరాలో మిమ్మల్ని చూస్తూనే ఉంటారు, ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు.

అక్కడ మీ పని నీళ్లు తాగడం. గంట గంటకూ మూత్రానికి వెళ్లండి, రెండు మూడుసార్లు ఫ్లష్ చేయండి, రోజూ స్నానం చేయండి. నిమ్మకాయ, పుల్లటి చప్పరింపులు ఎప్పటినుంచి మొదలుపెట్టాలో వాళ్లే చెప్తారు. లాలాజలం ఊరితే గ్రంథుల్లో మందు నిలవదు. రోజూ ఒకతను గుమ్మం దగ్గర నిలబడి, మీటరు దూరం నుంచి మీ వైపు రేడియేషన్ కొలిచే పరికరం పట్టి రీడింగు రాసుకుంటాడు. అంకె ఎంతో అడగండి. మొదటిరోజు అంకె మర్నాటికి సగానికి పైగా పడిపోవడం చాలామందిలో చూశాను. ఆ కాగితం చూసినంత ధైర్యం నా మాటలు కూడా ఇవ్వలేవు. సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో ఇంటికి పంపుతారు.

ఇంటికొచ్చాక బాబు విషయంలో రెండు దారులు మూయాలి. ఒకటి, మీ ఒంట్లోంచి వచ్చే గామా. దానికి దూరమే మందు. దూరం రెండింతలైతే తగిలేది నాలుగో వంతు అవుతుంది. ఎన్నాళ్లు దూరంగా ఉండాలో డిశ్చార్జి కాగితంలో రాసిస్తారు. పసిపిల్లల విషయంలో సాధారణంగా వారం నుంచి రెండు వారాల మధ్య చెప్తారు. అన్ని రోజులూ మీరు వేరే గదిలో పడుకోండి. బాబును మీ అమ్మగారింట్లోనో, అత్తగారి దగ్గరో వేరే ఇంట్లో ఉంచగలిగితే ఇంకా మంచిది, వాడు కనబడి ఏడుస్తుంటే మీరు ఆగలేరు. గర్భంతో ఉన్న ఆడపడుచులు, మరదళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకూ ఇదే నియమం. రెండో దారి నోరు. మీ ఎంగిలిలో, చెమటలో, మూత్రంలో కొంచెం మందు ఉంటుంది. ముద్దులు వద్దు, మీ గ్లాసు మీదే, మీ కంచం మీదే, మీ తువ్వాలు మీదే. బాత్రూంకు వెళ్లినప్పుడల్లా చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. విడిచిన బట్టలు విడిగా ఉతకండి. మీరు తాకిన కుర్చీలో మీ అత్తగారు కూర్చుంటే ఆవిడకేమీ అంటుకోదు, ఇది అంటువ్యాధి కాదు. డిశ్చార్జి కాగితం మాత్రం మూడు నెలలపాటు హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంచుకోండి. విమానాశ్రయాల్లో రేడియేషన్ పట్టే యంత్రాలు వారాల తర్వాత కూడా మోగవచ్చు.

రాత్రి పాల సంగతి ఈ వారంలోనే మొదలుపెట్టండి. రోజూ వాణ్ని నిద్రపుచ్చేది మీరు కాకుండా మీ ఆయనో అత్తగారో కావాలి. మొదటి నాలుగు రాత్రులు వాడు ఇల్లు పీకి పందిరేస్తాడు. మీరు పక్క గదిలో కూర్చుని ఏడుస్తారు. ఆ తర్వాత అలవాటు పడతాడు. ఇందులో మీ అత్తగారి సాయం మీరే అడగండి, ఆవిడ భయానికి ఒక పని దొరుకుతుంది. పాలు గడ్డకట్టి నొప్పిగా ఉంటే ఓర్చుకోకుండా డాక్టరుకు చెప్పండి.

హాస్పిటల్‌కు బయలుదేరే ముందు రోజు మీరు కట్టుకున్న చీర ఉతకకుండా మడిచి ఇంట్లో వదిలి వెళ్లండి. రాత్రి వాడు మీకోసం వెతుక్కుంటే అది పక్కలో వేయమనండి. మందు మింగకముందు కట్టిన చీర కాబట్టి అందులో మీ వాసన తప్ప ఇంకేమీ ఉండదు.